దక్షిణ తెలంగాణ చేనేత బ్రాండ్లు

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల మగ్గాల మీద తయారయ్యే బట్టకు బజారులో ఊరి పేరే గుర్తింపు. చీరల షాపులో కూర్చున్న ఆడమనిషి "పోచంపల్లి చూపించండి", "గద్వాల ఉందా" అని అడుగుతుంది తప్ప నేసినవారి పేరు అడగదు, కంపెనీ పేరు అసలే అడగదు. పోచంపల్లి ఇక్కత్, తేలియా రుమాలు, గద్వాల చీర, నారాయణపేట చీర, ఈ నాలుగూ భౌగోళిక గుర్తింపు పొందినవే. మామూలుగా ఫ్యాషన్ బ్రాండుకు ఒక యజమాని ఉంటాడు. పేరు పెట్టేది, ప్రకటనలు ఇచ్చేది, నకిలీ కనబడితే కోర్టుకెక్కేది అతనే. ఈ నాలుగు పేర్లకూ అలాంటి యజమాని లేడు. కొన్ని తరాల పనితనం, సంస్థానాల ఆదరణ, సహకార సంఘాలు, కొంత అదృష్టం కలిసి వాటిని నిలబెట్టాయి. పేరు అందరిదీ కావడం వల్ల అది దేశమంతా పాకింది, అందుకే దాన్ని కాపాడే నాథుడు కూడా కరువయ్యాడు.

జిల్లాల పేర్ల విషయం ముందే చెప్పుకోవాలి. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనతో పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి. గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాకు కేంద్రమైంది. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న విడి జిల్లా అయింది. మగ్గాల సంగతి మాట్లాడేటప్పుడు మాత్రం జనం ఇప్పటికీ నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) అనే అంటారు.

రుమాలు నుంచి చీరకు

ఇక్కత్ నేశాక అద్దే పని కాదు, నేయకముందే నూలుకు రంగు పట్టించే పని. రంగు పడకూడని చోట నూలును గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. ఆరాక విప్పితే కట్టిన చోటు పాత రంగులోనే మిగులుతుంది. నల్లగొండ పల్లెల్లో దీన్ని చిటికి అంటారు. పాగడు బందు, బుడ్డబాసి అన్న పేర్లూ ఉన్నాయి. గుజరాత్‌లోని పాటన్ పటోలా, ఒడిశా బంధ నేత దీనికి అక్కచెల్లెళ్లు.

ఈ విద్య ఇక్కడికి సముద్రతీరం నుంచి వచ్చింది. చీరాలలో నేసే తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్ దేశాలకు, బర్మాకు, తూర్పు ఆఫ్రికాకు ఓడల్లో వెళ్లేవి. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి మెత్తబరిచేవారు. అలా చేస్తేనే ఎరుపు దిట్టంగా పడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే దాని రంగులు. కొన్నవాళ్లు తలకు చుట్టుకున్నారు, భుజాన వేసుకున్నారు, నడుముకు కట్టుకున్నారు. గళ్లు, చుక్కలే కాక సింహాలు, గడియారాలు, విమానాలు కూడా ఈ రుమాళ్ల మీదికి ఎక్కాయి. పరాయి దేశపు కొనుగోలుదారుకు ఏది నచ్చుతుందో కనిపెట్టి నమూనా మార్చడం ఈ నేతవారికి అప్పుడే తెలుసన్నమాట.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఈ నేత పోచంపల్లి, పుట్టపాక వైపు పాకింది. ఎగుమతులు దెబ్బతిన్నాక రుమాలును నమ్ముకుని బతకడం కష్టమైంది. అదే చిటికిని చీర మీదికి తేవడమే ఇక్కడి నేతకు పెద్ద మలుపు. 1950ల నుంచి అఖిల భారత హస్తకళల బోర్డు, దాన్ని నడిపిన కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి ప్రోత్సాహం, ఊళ్లో ఏర్పడ్డ సహకార సంఘం దీనికి దన్నుగా నిలిచాయి. మొదట నూలు చీర, ఆ తరువాత పట్టు చీర వచ్చాయి. కొయ్యలగూడెం నేతవారు దుప్పట్లు, కర్టెన్ల బట్ట వైపు మళ్లారు. పుట్టపాక పడుగునూ పేకనూ రెంటినీ కట్టే జంట ఇక్కత్‌ను పట్టుకుంది.

పోచంపల్లి పేరు దేశానికి తెలిసింది మాత్రం మగ్గం వల్ల కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. పల్లె పేరు పత్రికలకెక్కిన కొన్నేళ్లకే అదే పేరుతో చీరలు నగరాలకు వెళ్లడం మొదలైంది. ఇంత ప్రచారం డబ్బు పెట్టి కొందామన్నా దొరకదు.

ఆసు పోసిన చేతులు

పోచంపల్లి చీరకు ఉన్న ధరలో ఎక్కువ భాగం మగ్గం ఎక్కక ముందు జరిగే పనికి చెల్లుతుంది. ఆసు అనేది అర్ధచంద్రాకారపు చట్రం. ఒక వైపు ఒక మేకు, ఎదురుగా వంపు వెంట వరుసగా మేకులు ఉంటాయి. పోగును పట్టుకుని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చేయి ఆడిస్తూ పోవాలి. ఒక చీరకు చేయి ఇలా దాదాపు 9,000 సార్లు ఆడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఈ పని చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. వాళ్ల భుజాలు, మోచేతులు అరిగిపోయేవి.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే నొప్పి చూసి ఈ పనికి యంత్రం చేయాలని పూనుకున్నారు. ఏళ్ల తరబడి డబ్బు లేక, విడిభాగాలు కుదరక, ఊళ్లోవాళ్లు నవ్వుతుంటే భరించి, 1999లో యంత్రాన్ని పూర్తి చేశారు. తల్లి పేరు మీద దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీద "మల్లేశం" సినిమా వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. యంత్రం ఆడించేది పోగును, చిటికి కట్టేది ఇప్పటికీ చేయే. అందుకే ఆసు యంత్రం వచ్చాక కూడా చీర చేనేతగా మిగిలింది, చేసే మనిషికి భుజం మిగిలింది.

ఆసు అయ్యాక కాగితం మీద గళ్లలో గీసిన నమూనా చూసి పోగుల మీద గుర్తులు పెడతారు. సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి వాటితో కట్లు కడతారు. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. రంగు మారిన ప్రతిసారీ కొన్ని కట్లు విప్పాలి, కొన్ని కొత్తగా కట్టాలి. జంట ఇక్కత్‌లో అయితే పేక పోగు మీది గుర్తు పడుగు పోగు మీది గుర్తుతో సరిగ్గా కలవాలి, లేదంటే పువ్వు చెదిరిపోతుంది. నేసేవారు నాడె విసిరిన ప్రతిసారీ కళ్లు దగ్గరగా పెట్టి పోగును అటూ ఇటూ సర్దుతారు. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీలు అందుకున్నారు. ఒక పల్లె నుంచి ఇద్దరు నేతగాళ్లకు ఆ గౌరవం రావడం అరుదు. అయినా పుట్టపాక చీర చాలాకాలం పోచంపల్లి పేరుతోనే అమ్ముడుపోయింది. పెద్ద పేరు పక్కనున్న చిన్న పేరును మింగేయడం వ్యాపారంలో మామూలే. పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పుట్టపాక తన పేరు తాను చెప్పుకోవడం కాస్త సులువైంది.

గద్వాల: దేవుడు కట్టిన బట్ట

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల ఒక సంస్థానం. సోమనాద్రి కట్టించిన కోట ఇప్పటికీ ఊరి మధ్య ఉంది. ఇక్కడి చీర ప్రత్యేకత ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు ఉండటం. వినడానికి తేలికే గానీ నేయడం చిక్కైన పని. నూలు, పట్టు ఒకేలా సాగవు, ఒకేలా బిగుసుకోవు. ఒంటికొక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు నడుపుతూ, రెండు పేకలు కలిసే చోట ఒకదాన్నొకటి మెలివేసి పోవాలి. ఈ పనికి కుప్పడం అని పేరు. అంచు నుంచి ఒంటిలోకి కోట బురుజుల్లా పొడుచుకొచ్చే మొనలను కోటకొమ్మ అంటారు. ఎండాకాలం పెళ్లికి కట్టుకున్నా ఒంటికి నూలే తగులుతుంది, చూసేవారికి పట్టే కనబడుతుంది. గద్వాల చీర మడిచి అగ్గిపెట్టెలో పెట్టవచ్చన్న మాట అమ్మేవాళ్లు ఇప్పటికీ వాడుతుంటారు. ఇప్పుడు పూర్తి పట్టులోనూ, సికో అనే పట్టు–నూలు కలనేతలోనూ గద్వాల చీరలు వస్తున్నాయి.

గద్వాల పేరుకున్న అసలు బలం తిరుమలలో ఉంది. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు గద్వాల నుంచి శ్రీవారికి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. సంస్థాన కాలం నుంచి వస్తున్న ఆచారమిది. 11 గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పు, రెండు వైపులా 15 అంగుళాల అంచుతో వాటిని నేసేవారు 41 రోజులు దీక్షలో ఉంటారు. మూలవిరాట్టుకు వాటిని అలంకరిస్తారు. ప్రచారానికి సినిమా తారలను పెట్టుకునే బ్రాండ్లు చాలా ఉన్నాయి, ఇది వెంకటేశ్వరస్వామి కట్టుకునే బ్రాండు.

రాజోలి, అయిజ, గట్టు వంటి చోట్ల కూడా గద్వాల చీరలు నేస్తారు. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర రాజోలిని ముంచేసింది. గుంత మగ్గం నేలలోనే ఉంటుంది, నీళ్లొస్తే ముందు పోయేది అదే. ఎక్కించిన పడుగూ దానితోపాటే పోతుంది. గద్వాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది ఆ మరుసటి ఏడే, 2010లో.

నారాయణపేట: చీర ఇక్కడిది, కట్టు అక్కడిది

నారాయణపేట కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది. అక్కడి చీరకు ముఖ్యంగా మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక ఆడవాళ్లే గిరాకీ. ఒంటిమీద చిన్న గళ్లు, ముదురు ఎరుపు లేదా చాక్లెట్ రంగు అంచు, అంచున గుడి మొనలు, కొంగులో ఎరుపు తెలుపు పట్టీలు దీని గుర్తులు. శివాజీ దండు ఇటు వచ్చినప్పుడు కొందరు నేతగాళ్లు ఇక్కడే నిలిచిపోయారని ఊళ్లో చెప్పుకుంటారు. చరిత్ర సంగతి ఎలా ఉన్నా చీర తీరు చూస్తే మరాఠీ రుచి తెలిసిపోతుంది. ఒకేసారి ఎనిమిది చీరల పడుగు మగ్గం మీదికి ఎక్కించడం ఇక్కడి పద్ధతి. దానివల్ల ధర అందుబాటులో ఉంటుంది. గద్వాల పెళ్లి బట్ట అయితే నారాయణపేట నోముకూ, పండక్కీ, పేరంటానికీ కట్టుకునే బట్ట.

ఈ పేరుకు వచ్చిన చిక్కు విచిత్రమైనది. పుణె నగరంలో నారాయణ్ పేఠ్ అనే పేట ఒకటుంది. మరాఠీ కొనుగోలుదారుల్లో చాలామంది ఈ చీర తమ పేఠ్‌దే అనుకుంటారు. అంతేకాదు, సోలాపూర్‌లో కూడా నారాయణపేట పేరుతో చీరలు తయారవుతాయి. ఆ సోలాపూర్ మగ్గాలకు చేవ ఇచ్చిందీ చాలావరకు తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలే. కాబట్టి నకలు చేసేది ఎవరు, చేయించుకునేది ఎవరు అని విడదీయడం అంత తేలిక కాదు. 2010ల మొదట్లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కాగితం మీద ఈ తగువు తీర్చింది, అంగడిలో తీర్చలేదు.

కరోనా కాలంలో జిల్లా యంత్రాంగం చొరవతో ఇక్కడి మహిళా సంఘాల సరుకుకు "ఆరుణ్య" అని ఉమ్మడి పేరు పెట్టి చేనేత మాస్కులు, చీరలు అమ్మించారు. ఊరి పేరు మీద ఆధారపడకుండా చేసేవారి పేరుతో బ్రాండు కట్టాలన్న ప్రయత్నం ఈ ప్రాంతంలో అరుదు కనుక దాన్ని చెప్పుకోవాలి.

పేరుకు చట్టం

భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు 15 నుంచి అమలైంది. చెన్నైలోని రిజిస్ట్రీలో నమోదైన దరఖాస్తుల్లో మొదటి రెండూ డార్జిలింగ్ టీకి చెందినవి, మూడోది ఆరన్ముళ కన్నాడి అనే లోహపు అద్దానిది, నాలుగోది పోచంపల్లి ఇక్కత్‌ది. దరఖాస్తు పెట్టింది పోచంపల్లి చేనేత సహకార సంఘం, అక్కడి పట్టు చీరల తయారీదారుల సంఘం కలిసి. 2004–05లో గుర్తింపు వచ్చింది. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. పేరును తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని చట్టంలో ఉంది.

చట్టం గట్టిదే. చిక్కల్లా దాన్ని వాడేవాళ్ల దగ్గర. గుర్తింపు ఊరికి వచ్చినా నేతగాడు విడిగా అధీకృత వాడకందారుగా నమోదు కావాలి. కూలికి నేసేవాడికి ఆ కాగితాల మీద ఆసక్తి ఎందుకుంటుంది? నకిలీ అమ్మే షాపు మీద కేసు వేయాలంటే సంఘం దగ్గర లాయరు ఖర్చుకు డబ్బుండాలి. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించింది. 22 రకాలతో మొదలైన ఆ జాబితా తరువాత 11కు తగ్గింది. మరమగ్గం బట్ట మీద ఇక్కత్ బొమ్మను అచ్చు వేసి "పోచంపల్లి ప్రింట్" అని అమ్మేవాడిని పట్టుకోవడం ఆ చట్టంతో కుదిరే పని కాలేదు.

స్కాట్లాండ్ దీవుల్లో నేసే హారిస్ ట్వీడ్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు మొదట్లోనే వాళ్లు గుర్తు నమోదు చేయించుకుని, 1911 నుంచి బట్టను తనిఖీ చేసి ముద్ర వేయడం మొదలుపెట్టారు. 1993లో బ్రిటిష్ పార్లమెంటు దానికోసం ప్రత్యేక చట్టమే చేసింది. ఆ దీవుల్లో, నేసేవారి ఇంట్లో, చేత్తో నేస్తేనే ఆ పేరు. ముద్ర వేయడానికి, నకిలీ మీద పోరాడటానికి జీతమిచ్చి మనుషులను పెట్టారు. మన దగ్గర 2006లో హ్యాండ్లూమ్ మార్క్, 2015 ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినోత్సవం నాడు ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ వచ్చాయి. ముద్రల సంఖ్య పెరిగింది గానీ కొనేవాళ్లలో వాటిని వెతికి చూసేవాళ్లు ఎందరు?

డబ్బు నడిచే దారి

పోచంపల్లి ప్రాంతంలో ఒక పడుగు మీద సాధారణంగా ఏడెనిమిది చీరలు వస్తాయి. నూలో పట్టో కొనడం, ఆసు, చిటికి, అద్దకం, అచ్చు అతకడం, నేత, ఇవన్నీ పూర్తయ్యేదాకా పెట్టుబడి ఇరుక్కునే ఉంటుంది. ఆ పెట్టుబడి మాస్టర్ వీవర్‌ది. నమూనా అతనిది, రంగుల ఎంపిక అతనిది, షాపులతో బేరం అతనిదే. నేసే కుటుంబానికి అందేది కూలి. పట్టు ధర పెరిగితే మాస్టర్ వీవర్ చీర ధర పెంచుకోగలడు, కూలి మాత్రం అదే వేగంతో పెరగదు. ఆ మనిషిని దళారి అని తిట్టడం తేలిక. అమ్ముడుపోని చీరల బరువు మోసేదీ అతనే కదా.

ఫ్యాషన్ వేగం ఈ నేతకు అసలైన గండం. అచ్చు బట్టల మిల్లు కొత్త నమూనాను రోజుల్లో దింపేస్తుంది. ఇక్కడ కొత్త నమూనా అంటే కొత్త కట్లు, కొత్త పడుగు, నెలల పని. కష్టపడి గీసిన బొమ్మ ఫొటో ఫోన్లలో తిరగడం మొదలైతే, అసలు చీర షాపు చేరేలోపే దాని నకలు అక్కడ వేలాడుతుంటుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమూనాను నమోదు చేసుకుంటే పదేళ్లు, ఆపైన మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. ఒక్కో నేతగాడు ఆ పని చేయలేడు, సంఘమే పూనుకోవాలి.

కనుముక్కల దగ్గర కేంద్ర పథకం కింద ఏర్పాటైన పోచంపల్లి హ్యాండ్లూమ్ పార్కు పెద్ద ఆశలతో మొదలై అప్పుల్లో కూరుకుపోయింది. ఇంటిల్లిపాదీ తలా ఒక చేయి వేస్తే నడిచే పనిని షెడ్డులోకి, షిఫ్టులోకి మార్చడంలోనే దాని బలహీనత ఉందని ఈ రచయిత అభిప్రాయం.

షాపు పేర్లు, ఊరి పేర్లు

ఉమ్మడి రాష్ట్రంలో ఆప్కో అనే చేనేత సహకార సంస్థ సంఘాల సరుకు అమ్మేది, ఇప్పుడు తెలంగాణలో టెస్కో ఆ పని చేస్తోంది. ప్రైవేటు వైపు చూస్తే 2005లో మొదలైన కళామందిర్ సంస్థ 2023 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. టైటన్ కంపెనీ 2017లో తనైరా పెట్టింది. హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా "మహానటి" సినిమా దుస్తులకు జాతీయ అవార్డు పంచుకున్నారు. వీళ్లందరి అరల్లోనూ చేనేత చీర ఉంటుంది. బ్రాండు పెంచడం ఎలాగో వీళ్లకు తెలుసు: ఒకే కొలత, ఒకే నాణ్యత, చెప్పిన రోజుకు సరుకు, తిరిగి ఇస్తే తీసుకునే ధీమా. ఊరి పేర్లకు లేనివి సరిగ్గా ఇవే. ఒకే పేరున్న రెండు చీరల్లో ఒకదాని రంగు మొదటి ఉతుకులోనే దిగితే కొన్నవాళ్లు షాపును తిట్టరు, పోచంపల్లినే తిడతారు.

పేరుకు పరపతి మాత్రం ఏమాత్రం తగ్గలేదు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పోచంపల్లిని చేర్చింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు తెలంగాణకు వచ్చిన పోటీదారులు కొందరు ఈ ఊరికి వచ్చి మగ్గాలు చూశారు. వచ్చినవాళ్లు ఫొటోలు దిగి వెళ్లారు. వాళ్లు చూసిన మగ్గం మీద కూర్చున్నవారి పిల్లలు మాత్రం హైదరాబాద్‌లో ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. తర్వాతి తరం మగ్గమెక్కకపోతే బ్రాండు మిగిలినా బట్ట మిగలదు.

కొనేవారికి తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. అసలైన చిటికి బట్టను తిరగేసినా బొమ్మ అంతే ముదురుగా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు బట్టకు వెనక వైపు రంగు వెలసినట్టుంటుంది, గీతలు మరీ పదునుగా ఉంటాయి. గద్వాల చీరలో అంచు, ఒళ్లు కలిసే చోట వేలితో తడిమితే కుప్పడం మెలి తగులుతుంది. హ్యాండ్లూమ్ మార్క్ ఉందేమో చూడండి. ఏ ఊరి సంఘం నేసిందో అడగండి, ఆ మాట బిల్లు మీద రాయమనండి. రాయనంటే ఆ ధర పెట్టకండి.